విన్నపము – అధికారము

అధికారము గలవాడు ప్రజలను ప్రాధేయపడుట బలహీనతయా?

2012 డిసెంబరు 14న అమెరికాలోని శాండీ హుక్ పాఠశాలలో ఒక యువకుడు తుపాకితో 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపెను. తుపాకి కొనువారి పూర్వచరిత్రను మరింతగా విచారింపవలెనని అధ్యక్షుడు ఒబామా వేడుకొనెను. 2013లో సెనేటున 54 మంది అనుకూలించినను, కావలసిన 60 ఓట్లు రాలేదు. 2016 జనవరిలో ఆ పిల్లలను తలచి ఆయన సభలోనే కన్నీరు పెట్టెను.

పసితనమున తల్లిదండ్రులవెంట అనుమతి లేక వచ్చి, అక్కడనే పెరిగిన యువజనుల విషయమున ఆయన మార్గము వేరు. 2010లో చట్టము నెగ్గనందున, 2012 జూన్‌లో ప్రభుత్వపు ఉత్తరువుతో వారికి తాత్కాలిక రక్షణ కల్పించెను. 2017లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేయబూనెను. అప్పుడు పదవి లేని ఒబామా, ఏ తప్పు చేయనివారిని శిక్షింపరాదని మరల వేడుకొనెను.

ఆయుధము ధరించుట రాజ్యాంగపు హక్కనియు, చట్టము అందరికి ఒక్కటేయనియు ఎదుటివారి వాదము. అది త్రోసివేయదగినది కాదు. ఒబామా పాలనలోను లక్షలమంది దేశమునుండి పంపివేయబడిరి. విన్నపము చేసినవాడు దానికి తానును బద్ధుడే.

అయినను విన్నపము వ్యర్థము కాదు. ఉత్తరువు మరియొక ప్రభుత్వము రాగానే కదలిపోయెను. ఓడిన విన్నపమో, 21 ఏండ్లలోపువారు తుపాకి కొనునపుడు అదనపు విచారణ జరుపు చట్టముగా 2022లో కొంత ఫలించెను. ప్రజల మనస్సు అంగీకరించినగాని నిరపరాధులకు నిలుకడయైన అభయము లభింపదు. ఆ అంగీకారమును అడుగుట పాలకునకు చిన్నతనము కాదు, ధర్మము.