పేరు ముద్ర

చీనాదేశమున ఫుజియన్ మండలమందలి దెహువా తెల్లపింగాణి బొమ్మలకు పేరుగాంచినది. మింగువంశపు (1368–1644) తుదికాలమున హె ఛావోజోంగ్ అను శిల్పి యచట గ్వాన్‌యిన్ దేవతామూర్తులు చేసి, వీపున తన పేరు ముద్ర నొత్తెను. తరువాతివారును, 20వ శతాబ్దివారు సైతము, ఆ పేరే యొత్తిరి. కావున ముద్ర చదివినంతమాత్రమున కర్త తెలియడు. మట్టిని, మెఱుగు ఛాయను, వస్త్రపు మడతలను, బోలుగానున్న లోపలి భాగమును గూడ చూడవలెను.

అట్లొత్తుట దొంగతనమా? మన పౌరాణికులును తమ కృతులను వ్యాసుని పేర వెలయించిరి; వారిని దొంగలనుటకు మాకు నోరాడదు. కాని వ్యాసుని చేవ్రాలని చెప్పి పురాణమున కెవరును వెల హెచ్చింపలేదు. పనివాడు గురుభక్తిచే నొత్తియుండవచ్చును. ఎఱిగియుండియు దానిని మింగుకాలపుదని యమ్మువానికడనే యబద్ధము పుట్టుచున్నదని మా తలంపు. కొనువాడును నిర్దోషి కాడు: బొమ్మ మొగము చూడకమున్నే వీపు త్రిప్పి చూచును. దెహువా మూర్తులలో ననేకములకు ముద్రయే లేదు.