భద్రాద్రి అడవి అంచున నాగపూజ

తెలుగు నేలలో నాగపూజకు రెండు తిథులున్నాయి. తెలంగాణలో ప్రధానంగా శ్రావణ శుద్ధ పంచమి, కోస్తాలో దీపావళి వెళ్లాక వచ్చే కార్తీక శుద్ధ చవితి. ఖమ్మం–భద్రాచలం అడవి అంచు ఈ రెండు ఆనవాయితీలూ ఎదురుపడే చోటు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడివడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి. సరిహద్దు గీత జరిగినంత తేలికగా ఇంటి పండుగ తిథి జరగదు.

తిథి ఏదైనా పూజ అందుకునేది పుట్టే. తలస్నానం చేసి, పుట్టకు పసుపు కుంకుమ పెట్టి, కన్నంలో పాలు పోస్తారు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు నైవేద్యం. కొందరు కోడిగుడ్డు కూడా వేస్తారు. పుట్టమన్ను చెవులకు రాసుకుంటారు. ఆ రోజు నేల దున్నకూడదు, తవ్వకూడదు అన్నది పాత కట్టడి. పాము కంటబడాలన్న నియమం మాత్రం లేదు. కంటబడకపోతేనే అందరికీ నిమ్మళం. పైగా ఆ పుట్ట కట్టింది చెదలు, పాము అందులో చేరిన అద్దెదారు. దాని తిండి ఎలుకలూ కప్పలూ తప్ప పాలు కావు. పొలంలో తనకంటే ముందునుంచీ ఉన్న హక్కుదారుకు రైతు చెల్లించే శిస్తుగా చూస్తే ఆ పాలకు అర్థం దొరుకుతుంది. శ్రావణంలో నాట్ల వేళ కలుగుల్లో నీరు చేరి పాములు గట్లెక్కుతాయి. కార్తీకంలో వరి పండి ఎలుకలు పెరుగుతాయి, వాటి వెంట నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వస్తాయి. రెండు పండుగలూ రైతు చేయి మట్టిలో ఉండే రోజుల్లోనే పడ్డాయి.

భయమూ భక్తీ ఒకే మనసులో ఎలా ఇముడుతాయన్న ప్రశ్నను నన్నయ ఆదిపర్వంలోని ఉదంకుడి కథ సూటిగా ముందు పెడుతుంది. తక్షకుడు అపహరించిన కుండలాల కోసం పాతాళానికి వెళ్లి నాగులను నాలుగు పద్యాల్లో వేడుకున్నది అతనే. అవి చేతికందాక జనమేజయుణ్ణి సర్పయాగానికి పురికొల్పిందీ అతనే. ఆ యాగాన్ని ఆపింది ఆస్తీకుడు. తండ్రి ముని, తల్లి నాగకన్య.

అడవిలో మనిషికీ నాగుకీ ఉన్న ఈ చుట్టరికం ఇంకా బాహాటం. బస్తరును 11వ శతాబ్దం నుంచి ఏలిన ఛిందక నాగవంశీయులు తమను నాగసంతతిగా చెప్పుకుని, నాగలోకపు రాజధాని భోగవతి పేరును బిరుదులో పెట్టుకున్నారు. కోయలు కొలిచే సమ్మక్క చిలకలగుట్ట మీద అదృశ్యమయ్యాక, వెతికినవారికి నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందని మేడారం కథ. భద్రాచలం గుడిలో రాముడి పక్కనున్న లక్ష్మణుడు వైష్ణవులకు ఆదిశేషుడి అంశ. గుడిలో శేషుడికి మనిషి రూపం వచ్చింది, గుట్ట మీద పుట్ట పుట్టగానే మిగిలింది.

పుట్ట అందుబాటులో లేని పట్టణాల్లో రావి, వేప చెట్ల కింద ప్రతిష్ఠించిన జంటనాగుల శిలలకు పాలు పోస్తున్నారు. పండుగ పూట పాములవాడు బుట్టలో నాగును తెచ్చి ఆడించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.