‘ఒప్పుకునే ఉంటుంది’

తెలుగులో ఈ ‘ఉంటుంది’ చాలా వీలైన క్రియ. చూశానని చెప్పక్కర్లేదు, తెలుసని కూడా చెప్పక్కర్లేదు. ‘ఏదో చేసే ఉంటుంది, లేకపోతే ఊరికే అంటారా?’ ‘ఒప్పుకునే ఉంటుంది, ఇప్పుడు మాట మారుస్తోంది.’ ఈ వాక్యాల్లో కర్త ఆమె. ఊహించినవాళ్ళు మాత్రం వాక్యంలో ఎక్కడా కనిపించరు.

ఊహించకుండా ఎవరమూ బతకలేం. చట్టమూ ఊహిస్తుంది. దాన్నే ‘ప్రిజంప్షన్’ అంటారు. అయితే ఏది రుజువైతే ఏది ఊహించాలో, అది తప్పని చూపించే భారం ఎవరిదో చట్టం ముందే చెప్పాలి. చూపించే అవకాశమూ సాధారణంగా ఇస్తుంది. వీధిలో ఊహకి ఈ షరతులేవీ లేవు. అయినా వీధిలో ఊహ కోర్టులోకి నడిచొచ్చిన సందర్భాలు మనకి తెలుసు.

1972లో మహారాష్ట్రలోని ఒక పోలీస్ స్టేషన్లో మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం జరిగిందన్న కేసులో సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసుల్ని విడుదల చేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదనీ, ప్రతిఘటించలేదు కాబట్టి సమ్మతి ఉందనీ అనుకుంది. అదే 1978లో హైదరాబాదులో రమీజాబీ పోలీసులు తనపై అత్యాచారం చేశారని చెప్పింది. వాళ్ళ దెబ్బలకి ఆమె భర్త చనిపోయాడు. విచారణ కమిషన్ పోలీసులదే నేరమన్నా, కర్ణాటకలోని రాయచూరుకి మారిన కేసులో వాళ్ళు విడుదలయ్యారు. పోలీసుల సమర్థనంతా ఆమె శీలం మీదే నడిచింది.

మథుర తీర్పుని ప్రశ్నిస్తూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. స్త్రీలు వీధుల్లోకొచ్చారు. ఫలితంగా 1983లో సాక్ష్య చట్టంలోకి 114ఏ సెక్షన్ వచ్చింది. కస్టడీ వంటి సందర్భాల్లో లైంగిక చర్య రుజువై, తనకి సమ్మతి లేదని ఆమె కోర్టులో చెబితే, లేదనే కోర్టు ఊహించాలి.

నిందితుడు నిర్దోషి అన్న ఊహకి ఇది విరుద్ధం కాదా అని అడుగుతారు. ఆ ఊహ మనకీ విలువైనదే. రాజ్యం కేసులు పెట్టేది ఆడవాళ్ళ మీద కూడా. ఈ సెక్షన్ కిందా చర్యని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. సమ్మతి ఉందని చూపించే దారి నిందితుడికి తెరిచే ఉంటుంది. మారిందల్లా, అధికారం చేతిలో ఉన్నవాడికి ఉచితంగా దొరికే ఊహ.

కానీ ఇంటి గడప దగ్గర చట్టం ఆగిపోయింది. పెళ్ళితోనే భార్య తిరిగి తీసుకోలేని సమ్మతి ఇచ్చేసిందన్నాడు 17వ శతాబ్దపు ఇంగ్లీషు న్యాయమూర్తి మాథ్యూ హేల్. ఇంగ్లండు 1991లో ఆ మాటని వదిలేసింది. మన దగ్గర 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా, పద్ధెనిమిదేళ్ళు నిండిన భార్య విషయంలో భర్తకి అత్యాచార నేరం నుంచి మినహాయింపుని అలాగే ఉంచింది.

ఇక్కడ ‘ఒప్పుకునే ఉంటుంది’ అన్నది ఊహ కూడా కాదు. తప్పని నిరూపించే వీలున్నంతవరకే ఏదైనా ఊహ. ఒంటి నిండా గాయాలున్నా, కాదని ఎన్నిసార్లు చెప్పినా ఈ మినహాయింపు చెక్కు చెదరదు. మథురని కనీసం బోనెక్కించి అడిగారు. ఈ ఒక్క నేరం విషయంలో భార్యని ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే చట్టానికి లేదు.