పాపాన్ని పాడినవాడికి పాపం అంటుతుందా?

‘హెల్ హాథ్ నో ఫ్యూరీ’ అమెరికాకు చెందిన క్లిప్స్ అనే హిప్ హాప్ జంట రెండో స్టూడియో ఆల్బమ్. 2006 నవంబరు 28న విడుదలైంది. వర్జీనియా రాష్ట్రంలో పెరిగిన ఈ ఇద్దరూ సొంత అన్నదమ్ములు. అన్న జీన్ థార్న్‌టన్ మాలిస్ పేరుతోనూ, తమ్ముడు టెరెన్స్ పుషా టి పేరుతోనూ పాడతారు. తొలి ఆల్బమ్ ‘లార్డ్ విలిన్’ 2002లో వచ్చింది. ఆ తర్వాత రికార్డు కంపెనీల విలీనంలో ఒప్పందం చిక్కుపడి, తగవు కోర్టుకెక్కడంతో రెండోది నాలుగేళ్లకు గానీ రాలేదు. ఇందులో 12 పాటలున్నాయి. బాణీలు ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగోల నెప్ట్యూన్స్ జంటవి. దాదాపు ప్రతి పాటలోనూ వస్తువు కొకైన్ వ్యాపారమే.

విమర్శకులు ఈ ఆల్బమ్‌ను మెచ్చుకున్నారు. అయితే ధర్మపరంగా ఒక ప్రశ్న మిగిలింది. మనుషుల్ని నాశనం చేసే పనిని అందంగా పాడితే ఆ పాపంలో పాటకు వాటా ఉంటుందా?

భారతీయ ధర్మశాస్త్రం మాటను కూడా కర్మగానే లెక్కిస్తుంది. మనసు, వాక్కు, శరీరం అనే మూడు కరణాలతోనూ మనిషి పుణ్యపాపాలు మూటగట్టుకుంటాడు. మనుస్మృతి పన్నెండో అధ్యాయం పరుషవాక్యం, అసత్యం, చాడీ, అసంబద్ధ ప్రలాపం అనే నాలుగింటిని వాక్కు చేసే పాపాలుగా చెబుతుంది. అదే స్మృతి పదకొండో అధ్యాయం పాప విమోచన మార్గాల్లో మొదట ‘ఖ్యాపనం’, వెంటనే ‘అనుతాపం’ పేర్కొంటుంది. చేసిన తప్పును నలుగురిలో చెప్పుకోవడం ఖ్యాపనం, దానికి లోపల కుమిలిపోవడం అనుతాపం. కాబట్టి పాపాన్ని గురించి నోరు విప్పడం పాపమూ కావచ్చు, ప్రాయశ్చిత్తానికి తొలిమెట్టూ కావచ్చు.

అలంకారశాస్త్రం మరో వాదన అందిస్తుంది. రావణ వేషం కట్టిన నటుడికి రావణుడి దోషం అంటదు. రసాస్వాదనలో పాత్ర భావాలు ఏ ఒక్కరి సొంతమూ కాకుండా సాధారణీకరణం పొందుతాయి. కానీ ఈ రక్షణ ర్యాప్ గాయకుడికి పూర్తిగా వర్తించదు. అతను వేషం కట్టడు. ‘నేను’ అంటూ తన పేరుతో, తన ఊరి వీధుల గురించి పాడతాడు.

రచయిత ఉద్దేశం మంచిదైతే చాలునా అన్న విషయానికి తెలుగు నాటకరంగమే ఉదాహరణ. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని వేశ్యా వ్యసనాన్ని మాన్పించడానికి రాశారు. ప్రదర్శనలు సాగేకొద్దీ ప్రబోధం వెనక్కి పోయి, అశ్లీల హాస్యం ముందుకొచ్చింది. చివరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. వ్యసనాన్ని ఆకర్షణీయంగా చూపినప్పుడు నీతి కంటే ఆకర్షణే జనంలో నిలుస్తుందన్నది మాత్రం ఈ నాటకం చరిత్ర చెప్పే పాఠం.

క్లిప్స్ ఆల్బమ్‌లో ఆకర్షణ కొదవ లేదు. కార్లు, నగలు, డబ్బు గురించిన గొప్పలు పాట తర్వాత పాటలో వినిపిస్తాయి. వాటి మధ్యనే తల్లికి క్షమాపణ చెప్పుకునే ‘మామా ఐయామ్ సో సారీ’ ఉంది. చివరి పాట ‘నైట్‌మేర్స్’ నిండా భయం, అనుమానం, నిద్ర పట్టని రాత్రులు. గెలుపు గురించి మొదలైన ఆల్బమ్ పీడకలలతో ముగుస్తుంది. ఖ్యాపనం ఇందులో పూర్తిగా ఉంది. అనుతాపం మాత్రం అప్పుడే మొలకెత్తుతోంది.

తర్వాతి కథ పాటల బయట, వారి జీవితాల్లో నడిచింది. మాలిస్ క్రైస్తవ విశ్వాసం వైపు మళ్లాడు. 2011లో ఆత్మకథ ప్రచురించాడు. దాని పేరును బైబిలులోని ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం నుంచి తీసుకున్నాడు. 2012లో నో మాలిస్‌గా పేరు మార్చుకున్నాడు. తమ్ముడు పాత వస్తువుతోనే ఒంటరిగా కొనసాగాడు. ఇద్దరూ కలిసి చేసిన నాలుగో ఆల్బమ్ ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’ 2025 జూలైలో వచ్చింది. ఒకే పాపాన్ని కలిసి పాడినా అన్నకు కలిగిన మార్పు తమ్ముడి ఖాతాలోకి రాలేదు. వాల్మీకి పూర్వకథలో బోయవాడి ఆలుబిడ్డలు అతని సంపాదన తిన్నారు గానీ పాపంలో వాటాకు ఒప్పుకోలేదు. కర్మఫలం ఎవరిది వారిదేనన్న ఆ సూత్రం ఈ అన్నదమ్ముల విషయంలోనూ నిలుస్తుంది.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరపుది కాదు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, అనకాపల్లి దగ్గరి కోడూరులో, 2022 ఫిబ్రవరిలో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అందులో విశాఖ మన్యం నుంచి దిగినదీ ఉంది. రేపు ఈ ప్రాంతపు యువకుడు ఆ వ్యాపారం గురించి పాట కట్టవచ్చు. ఆ పాట నోరు మూయించడం ధర్మం కాదు, ఎందుకంటే చెప్పుకోనిదే పశ్చాత్తాపానికి దారి లేదు. అయితే లాభాన్ని పాడినవాడు నష్టాన్నీ పాడాలి, కూలిన కుటుంబాల్నీ చూపాలి. అది చేయని పాట వాక్కు చేసిన పాపమే. చేసిన పాట సగం ప్రాయశ్చిత్తం. మిగతా సగాన్ని పాడినవాడు బతికి చూపించాలి.