దాటేసిన లైను

యాప్రాల్‌లో మా వీధిలో చాలా ఇళ్ళు రిటైరైన సైనికులవి. మా నాన్నా వాళ్ళలో ఒకడు. ఊపిరితిత్తుల్లో కాన్సర్ అని తేలాక, కీమో మొదలుపెట్టే ముందు ఆసుపత్రిలో ఇచ్చిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. నాన్నకి హిందీ ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నేనే చదివి చెప్పాను. వాంతులు, జుట్టు రాలడం, కిడ్నీలు, వినికిడి. రక్తం గడ్డకట్టొచ్చని ఒక లైనుంది. దాన్ని దాటేశాను.

"అంతేనా?"

"అంతే నాన్నా."

సంతకం పెట్టాడు.

మూడో విడత తర్వాత ఓ తెల్లవారుజామున ఎడమ పాదం చల్లగా ఉందన్నాడు, తిమ్మిరన్నాడు. సిస్ప్లాటిన్‌తో తిమ్మిర్లు మామూలే కదా అని సాక్సు తొడిగి పడుకోబెట్టాను. (సగం తెలిసినవాడి ధీమా!) సిరలో గడ్డ కడితే కాలు వాస్తుంది. ధమనిలో కడితే కిందకి రక్తమే అందదు. పాదం పాలిపోతుంది, చల్లబడుతుంది, కొన్ని గంటల్లో కండ చచ్చిపోవడం మొదలవుతుంది. మేము బయల్దేరేసరికి మధ్యాహ్నమైంది. గడ్డ తీశారు. కాలు దక్కింది, రెండు వేళ్ళు పోయాయి.

కాన్సర్‌కీ రక్తం గడ్డకట్టడానికీ ఉన్న లంకె కొత్తదేం కాదు. పారిస్ వైద్యుడు ట్రూసో 1865 నాటికే దాని గురించి రాశాడు. 1867లో తనకే గడ్డ కట్టినప్పుడు, లోపల కాన్సర్ ఉందని తనే తేల్చుకున్నాడు. ఆ ఏడే పోయాడు. సిస్ప్లాటిన్ రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీసి ఆ ముప్పుని ఇంకా పెంచుతుంది. గడ్డలు ఎక్కువగా సిరల్లో, తక్కువగా ధమనుల్లో. ఆ "తక్కువగా" అన్న మాటని పట్టుకుని చాలా రోజులు వేలాడాను.

చెప్పినా గడ్డ కట్టేదే కదా? చెప్పినా కీమోకి ఒప్పుకునేవాడే కదా? నిజమే. కానీ చెప్పి ఉంటే ఆ తెల్లవారుజామున నా మాట కాకుండా తన కాలి మాట వినేవాడు. పోనీ వేళ్ళ సంగతి వదిలేద్దాం. అసలు గడ్డే కట్టలేదనుకుందాం. అప్పుడైనా ఆ "అంతే నాన్నా" అబద్ధమే. శరీరం ఆయనది, సంతకం ఆయనది, నిర్ణయం మాత్రం నేను తీసుకున్నాను. భయపడతాడని అనుకున్నానంటాను. ఏళ్ళ తరబడి సరిహద్దులో కాపలా కాసిన మనిషి! ఆ లైను దగ్గర గొంతు పట్టేసింది నాకు. దానికి నాన్న మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఆపరేషన్‌కి ముందు ఇంకో కాగితం తెచ్చారు. నాన్న నొప్పికి మంచం కడ్డీ పట్టుకుని ఉన్నాడు.

"మొత్తం చదవరా, ఈసారి" అన్నాడు.

చదివాను. కాలు తీసేయాల్సి రావచ్చన్న లైను దగ్గర ఆగితే, ఊఁ, కానీ అన్నాడు.