కుదుపు తెలియని ప్రయాణం

పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు తరచుగా వాడే మాట వొకటుంది. "పిల్ల చదువుకుంది, పనీపాటా వచ్చు, అన్నిటికన్నా ముఖ్యం, సర్దుకుపోయే మనిషి." చదువుకి సర్టిఫికెట్లు వుంటాయి. పనితనానికి పులిహోర వడ్డించి చూపిస్తారు. సర్దుకుపోయే గుణానికి మాత్రం ఎవరూ రుజువు అడగరు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు గడిచాక ఆ గుణం ఇంకా మిగిలిందా, అయిపోవచ్చిందా అని చూసేవాళ్ళు అసలే వుండరు. అది ఎంత తోడినా వూరే బావిలాంటిదని మనందరికీ వొక నమ్మకం.

నిజంగా అంతేనా? సర్దుకుపోయేది ఏదైనా సరే, అలా సర్దుకుపోతూనే వుంటుందా? లేక లోలోపల అరిగిపోతూ వుంటుందా? అరిగితే ఆ సంగతి అరిగినవాళ్ళు నోరు తెరిచి చెప్పాలా, వాళ్ళ మీద భారం వేసి హాయిగా కూర్చున్నవాళ్ళు వంగి చూడాలా?

ఇంత ప్రశ్నకి జవాబు కోసం నేనే వేదాంత గ్రంథమూ తిరగెయ్యలేదు లెండి. మా మారేడ్‌పల్లి వీధిలో ఎదురింటివాళ్ళు తమ మారుతీ వ్యానుని ఇంటి ముందే విప్పి బాగుచేసుకుంటూంటే, గేటు దగ్గర నిలబడి చూస్తూ ఆలోచించాను.

ఆ వ్యాను మీకూ తెలిసిందే. 1984లో మారుతీ వ్యాను పేరుతో వచ్చి, తరువాత ఓమ్ని అయింది. 2019లో కంపెనీవాళ్ళు దాని తయారీ ఆపేశారు. అయినా సికింద్రాబాదు వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే వుంటుంది. ముందు సీట్ల కిందే ఇంజను, పక్కకి జరిగే తలుపులు, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటున్నట్టే కనిపించే కడుపు. ఎదురింట్లో ఆరుగురు. ఆ ఆరుగురూ, వాళ్ళ సామానూ, పండక్కి వూరినుంచి వచ్చే బియ్యం బస్తా, అన్నీ ఆ బండిలోనే.

ఆ ఇంటి బామ్మగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆవిడ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటారు. ఏడాదిగా బండి ఎక్కేటప్పుడు చేతిలో చిన్న దిండు వొకటి తెచ్చుకుంటున్నారు. "నడుం నొప్పా బామ్మగారూ?" అని అడిగితే, "వయసమ్మా, ఫరవాలేదు" అనేవారు. కొడుకూ వయసే అనుకున్నాడు. కోడలూ వయసే అనుకుంది. ఆవిడా వయసే అనుకున్నారు. ఇంజనీరింగు చదివే మనవడు సెలవులకి వచ్చి, నానమ్మ పక్కన వెనక సీట్లో కూర్చుని బోయిన్‌పల్లి దాకా వెళ్ళొచ్చాడు. మర్నాడు పొద్దున్నే వ్యాను వెనక మూల మీద రెండు చేతులూ ఆన్చి, బరువంతా వేసి నొక్కి వదిలాడు. కుదురుగా వున్న బండయితే వొకసారి పైకి లేచి నిలబడిపోవాలట. ఇది ఉయ్యాలలా నాలుగుసార్లు వూగింది. కిందకి వంగి చూస్తే, ఎడమవైపు షాకబ్జార్బరు నూనె కారి, దుమ్ముపట్టి, నల్లగా జిడ్డుకట్టి వుంది. కమాను కట్టల చివర వుండే రబ్బరు బుష్షులు చిట్లిపోయి వున్నాయి.

ఆ కుర్రాడు చెప్పిన సంగతొకటి నాకు కొత్తగా అనిపించింది. షాకబ్జార్బరు అంటే దెబ్బని మింగేదని కదా పేరు. నిజానికి చక్రం గుంటలో పడ్డప్పుడు ముందుగా ఆ దెబ్బ తీసుకునేది స్ప్రింగు. ఈ వ్యానుకి ముందువైపు చుట్టల స్ప్రింగులు, వెనకవైపు లారీలకి వున్నట్టే కమాను కట్టలు. స్ప్రింగు దెబ్బని తీసుకుంటుంది గాని తనలో వుంచుకోలేదు. తిరిగి పైకి తంతుంది, మళ్ళీ కుంగుతుంది, మళ్ళీ తంతుంది. ఆ వూగులాటని అణచడమే షాకబ్జార్బరు పని. దాని లోపల నూనె వుంటుంది. కుదుపు వచ్చినప్పుడల్లా ఆ నూనె సన్నటి రంధ్రాల్లోంచి బలవంతాన దూరుతుంది. అలా దూరడంలో వూపు వేడిగా మారి, మెల్లగా గాలిలో కలిసిపోతుంది. గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చిన బండికి ఆ గొట్టాన్ని ముట్టుకుంటే వెచ్చగా వుంటుంది.

ఇది చదువుతుంటే మీకు ఇంట్లో ఎవరు గుర్తొచ్చారో నేను వూహించగలను. ఆఫీసులో పడ్డ మాట సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఇంటాయన కొడుకు మీద విసుక్కుంటాడు, కొడుకు చెల్లెల్ని మొడతాడు, చెల్లెలు కంచం తోసేస్తుంది. ఎక్కడో వొకచోట ఆ వూపు ఆగాలి. "పోనీలే, నువ్వు తినమ్మా" అని ఎవరో వొకరు అంటారు. అక్కడ ఆగుతుంది. ఆగినట్టు ఎవరూ గమనించరు. ఆ మాట అన్న మనిషి లోపల వెచ్చబడిందనీ గమనించరు.

కుదుపు ఎక్కడికీ పోదు. స్ప్రింగుల్లేని గూడుబండిలో మన అమ్మమ్మలు అడుగున గడ్డి పరిచి, దాని మీద బొంత వేసుకుని వెళ్ళేవారు. గడ్డి కొంత నలిగేది, మిగిలింది నడుం భరించేది. ఈ వ్యానులోనూ అంతే. షాకబ్జార్బరు మానేసిన పని బామ్మగారి దిండు చేసింది. దిండు చెయ్యలేనిది ఆవిడ వెన్నెముక చేసింది. బండి నడుస్తూనే వుంది కాబట్టి బాగానే వుందనుకున్నారు అందరూ.

అరుగుదలలో వున్న మోసం అదే. వొక్కరోజులో విరిగితే ఇల్లంతా గొల్లుమంటుంది. రోజుకి వెంట్రుకవాసి చొప్పున అరిగితే దానితోపాటు మనమూ మారిపోతాం. బండి నడిపేవాడు తెలియకుండానే వేగం తగ్గిస్తాడు, మలుపుల్లో స్టీరింగుని గట్టిగా పట్టుకుంటాడు. పిల్లలు ముందు సీటు పట్టుకు కూర్చోవడం నేర్చుకుంటారు. అందరూ సర్దుకుంటారు గాని రోడ్డు సర్దుకోదు. షాకబ్జార్బర్లు పోయిన బండి చక్రాలు గతుకుల మీద నేలని సరిగా అంటుకోవు. బ్రేకు వేస్తే ఆగవలసిన చోటు దాటి ఆగుతుంది. టైర్లు ఎక్కడికక్కడ మచ్చలుగా అరుగుతాయి. సుఖం తగ్గింది అనుకుంటాం గాని, నిజానికి తగ్గింది రక్షణ.

సరే, మన ప్రశ్నకి వద్దాం. చెప్పవలసింది ఎవరు? "నొప్పిగా వుందని నోరు తెరిచి చెప్పొచ్చుగా!" అనే మగవాళ్ళని నేను పూర్తిగా తప్పుపట్టను. మనసులో మాట దాచుకుని, అవతలివాళ్ళు కనిపెట్టలేదని కుమిలిపోవడం ఆడవాళ్ళలో చాలామందికి అలవాటే. చెప్పగలిగినవాళ్ళు చెప్పాలి. అందులో సందేహం లేదు.

కానీ ఆ వాదనలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అరుగుతున్నవాళ్ళకే ఆ సంగతి తెలియకపోవచ్చు. బామ్మగారు అబద్ధమాడలేదు. వయసే అని నిజంగా నమ్మారు. రెండోది, సర్దుకుపోవడం గొప్ప గుణమని మెచ్చుకుని ఇంట్లోకి తెచ్చుకున్న మనిషిని, ఇరవై ఏళ్ళ తరువాత "ఎందుకు చెప్పలేదూ?" అని నిలదియ్యడం న్యాయం కాదు. చప్పుడు చెయ్యకపోవడమే మంచితనం అని చిన్నప్పటినుంచీ నూరిపోసి, చప్పుడు చెయ్యలేదని తప్పుపడితే ఆ మనిషి ఏం చెయ్యాలి?

మన వూళ్ళోనే ఈ ప్రశ్నకి పాత జవాబు వొకటుంది. నిజాం కాలంలో, 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. రైలు పెట్టెలు మరమ్మత్తుకి అక్కడికి వెళ్తాయి. ఏ పెట్టె అయినా "నాకు బాగాలేదు" అని మొరపెట్టుకునేదాకా వాళ్ళు ఆగరు. గడువు వచ్చిందంటే, బాగానే నడుస్తున్న పెట్టెని కూడా పంపించవలసిందే. దాన్ని పైకెత్తి, కింద చక్రాల బోగీల్ని వేరుచేసి, స్ప్రింగుల్ని పరీక్షించి, పోయినవి మార్చి పంపుతారు. అక్కడ మోసేదాన్ని చెప్పమని అడగరు. మోయించుకునేవాళ్ళే గడువు పెట్టుకుని చూస్తారు. అంతమంది ప్రాణాలు ఆధారపడిన చోట, పనిని ఎవరి ఓర్పుకో వదిలెయ్యకూడదని రైల్వేవాళ్ళు ఏనాడో తెలుసుకున్నారు. నలుగురి ప్రాణాలు ఆధారపడిన ఇంటికి ఆ నియమం ఎందుకు పనికిరాదు?

ఎదురింటి మరమ్మత్తు రెండు ఆదివారాలు సాగింది. కావలసిన సామాను రాణీగంజ్‌లో విడిభాగాల కొట్లలో దొరికింది. అక్కడే తండ్రికీ కొడుక్కీ చిన్న వాదన జరిగిందట. "కారుతున్నది ఎడమవైపుదేగా, వొకటి చాలు" అన్నారాయన. "కాదు నాన్నా, జతగా మార్చాలి" అన్నాడు కొడుకు. వొకవైపు కొత్తదీ, రెండోవైపు అరిగిందీ వుంటే బండి రెండువైపులా వొకేలా నిలబడదు, మలుపులో తేడా తెలుస్తుంది. ఆయన జేబు తడుముకుంటూనే రెండూ కొన్నారు. ఇంట్లో ఎవరో వొకరే మారాలని పట్టుబట్టేవాళ్ళకి ఈ జత లెక్క చెప్పాలనిపించింది నాకు.

కుర్రాడు జాగ్రత్తపరుడే. తుప్పుపట్టిన నట్లకి ముందురోజు రాత్రే నూనె పట్టించాడు. ముందు చక్రాలకి అడ్డంగా చెక్కదిమ్మలు పెట్టి, వెనకవైపు జాకీతో లేపి, ఒట్టి జాకీని నమ్మకుండా ఇనప స్టాండుల మీద నిలబెట్టాకే కిందకి దూరాడు. ఇటుకలు పేర్చబోయిన తండ్రిని, ఇటుక చెప్పకుండా పగులుతుందని వారించాడు. ముందువైపు చుట్టల స్ప్రింగుల జోలికి మాత్రం పోలేదు. అవి గట్టిగా నొక్కిపెట్టి వుంటాయి, సరైన సాధనం లేకుండా విప్పితే ఎగిరి మనిషిని కొడతాయని, ఆ పని షెడ్డులో మెకానిక్కుకి అప్పగించాడు. ఏళ్ళ తరబడి నొక్కిపెట్టిన దుఃఖాన్ని ఇంట్లోవాళ్ళే తలా వొక మాటతో విప్పబోతే ఏమవుతుందో మనం చూడనిది కాదు. కొన్నిటికి తెలిసినవాళ్ళ చెయ్యి కావాలి.

ఇంకో సంగతి కూడా నాకు బాగా నచ్చింది. కొత్త బుష్షుల బోల్టుల్ని బండి గాల్లో వుండగా గట్టిగా బిగించకూడదట. బండిని నేల మీదికి దించి, దాని బరువు దాని చక్రాల మీద నిలబడ్డాక బిగించాలట. గాల్లో బిగిస్తే రబ్బరు ఆ తీరులోనే పట్టుబడిపోయి, బరువు పడగానే మెలితిరిగి, త్వరగా చిరిగిపోతుంది. మన ఇళ్ళల్లో తీర్మానాలు ఎక్కువగా గాల్లోనే బిగిస్తాం. పండగపూట భోజనాలయ్యాక అందరూ చుట్టూ చేరి, "ఇకనుంచి అమ్మకి తలా వొక పని చేసిపెడదాం" అనుకుంటారు. సోమవారం ఏడు గంటలకి టిఫిను డబ్బాల వేళకి అది చిరిగి వూరుకుంటుంది. ఎవరు ఏ పని చెయ్యాలన్నది ఆ సోమవారం ఏడు గంటలకే, కుక్కరు కూస్తూండగానే తేల్చుకోవాలి.

మరుసటి వారం బామ్మగారు దిండు మరిచిపోయి బండెక్కారు. నడుం నొప్పి పూర్తిగా పోయిందని కాదు. వయసు వయసే. కానీ వయసుకి ఎంత, బండికి ఎంత అన్న లెక్క తేలింది.

ఇంతవరకూ వ్యానుతో పోలిక బాగానే నడిచింది. ఇక నడవదు. అరిగిన బుష్షుకి బదులు బుష్షు రాణీగంజ్‌లో దొరుకుతుంది. అరిగిన మనిషికి బదులు మనిషి దొరకదు. మనిషి విషయంలో చెయ్యగలిగిందల్లా బరువు దించడం, పంచుకోవడం. అదీ ఆ మనిషిలో ఇంకా కాస్త ఓపిక మిగిలి వుండగానే.

ఇది ఆడవాళ్ళ తరఫున మగవాళ్ళ మీద ఫిర్యాదు అనుకోకండి. మోసేవాళ్ళూ, కూర్చునేవాళ్ళూ ఎప్పుడూ వొకరే వుండరు. "మా పనిమనిషి బంగారం, పదేళ్ళుగా నోరెత్తి ఎరగదు" అని ఆడవాళ్ళమే మురిసిపోతాం. గచ్చు తుడిచి లేచేటప్పుడు ఆమె గోడ పట్టుకుంటోందా అన్నది ఎంతమందిమి చూస్తాం? మన ప్రయాణం కుదుపు తెలియకుండా సాగుతోందంటే, ఎవరో వొకరు ఆ కుదుపుని తీసుకుంటున్నారన్నమాటే.

"ఎలా వున్నావు?" అని అడిగితే చాలదు. "ఫరవాలేదు" అన్న జవాబు ముందే తయారుగా వుంటుంది. పక్క సీట్లో కూర్చుని చూడాలి. రాత్రి ఆఖరి గిన్నె కడిగి, గ్యాసు కట్టేసేదాకా వంటింట్లో వుండి చూడాలి.

మన కాలెండర్ల మీద గ్యాసుబండ వచ్చిన తేదీ, పాల లెక్క, ఇన్సూరెన్సు గడువు అన్నీ రాసి వుంటాయి. వాటి పక్కన మూడు నెలలకొకసారి, ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి పేరు కూడా రాసిపెట్టుకుంటే ఏం పోయింది? ఆ రోజున ఆ మనిషి మోస్తున్న బరువు లెక్కచూసి, అందులో వొకటో రెండో దించాలి. ఎవరి పేరు రాయాలో కాస్త ఆలోచించండి. అది మీ పేరే అయితే, మొహమాటపడకుండా రాసెయ్యండి.