పైరు తినే వేళకు పెట్టు

ఒరేయ్ అబ్బాయ్,

మొన్న పిక్కల లోతు నీళ్లలో నిలబడి నువ్వు యూరియా చల్లుతుంటే గట్టు మీద నుంచి చూశాను. పక్క చేను నల్లగా ఉంది, మనది పాలిపోయిందని నీ దిగులు. ఆ నలుపును చూసి ఆశపడకు నాయనా. సుడిదోమ ముందు వాలేది అలాంటి చేలోనే, గాలివానకు ముందు పడిపోయేదీ అదే.

45 కిలోల బస్తాలో నత్రజని ఉండేది 20 కిలోల పైచిలుకు. నిండు నీళ్లలో చల్లితే కొంత ఆవిరైపోతుంది, కొంత మురుగు కాలవలోకి పోతుంది. సగం కూడా పైరుకు అందదు. ముందు నీళ్లు తీసెయ్. బురద పదునులో చల్లి, ఒకటిన్నర రెండు రోజులాగి పలచగా నీళ్లు పెట్టు. అదీ ఒక్కసారే కాదు. దమ్ములో ఒక పాలు, పిలకలు వేసేటప్పుడు ఒక పాలు, అంకురం కట్టేటప్పుడు ఒక పాలు.

డీఏపీ మాత్రం పైపాటుగా వెయ్యకు. అందులోని భాస్వరం మట్టిని పట్టుకుంటే కదలదు, పైన చల్లింది పైనే ఉండిపోతుంది. దాని వేళ ఆఖరి దమ్మే.

నిరుడు దాళ్వా గుర్తుందా? నాట్లేసిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొచ్చాయి. ఆకు మొదట్లో నడిమి ఈనె తెల్లబోయింది, దుబ్బు గిడసబారింది. నువ్వు ఇంకో బస్తా యూరియా తెచ్చావు. దానికి కావలసింది జింకురా! లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ చొప్పున, అయిదేసి రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టాకే కదా కొత్త ఆకు పచ్చగా వచ్చింది. ఏది తక్కువైందో దాన్ని పెట్టకుండా మిగతావి ఎన్ని బస్తాలు పోసినా పైరు వాటిని వాడుకోలేదు. దమ్ములోనే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసుకుంటే ఆ తిప్పలు ఉండవు. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకు, రెండు మూడు రోజులు ఎడమివ్వు.

నేలలో ఏది తక్కువో చెప్పే భూసార కార్డులు 2015 నుంచి ఇస్తున్నారు. మనది బీరువాలో పాత రశీదుల కింద పడి ఉంది. అదిప్పుడు పాతబడిపోయింది. కోతలవగానే మడిలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున పరీక్షకు మట్టి తీద్దాం. గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర వద్దు. పార నువ్వు పట్టుకో, సంచీ నేను తెస్తాను. ఆ కాగితం వచ్చేదాకా వచ్చే పంటకు బస్తాలు కొనకు.